సున్న గుండ్రంగా వచ్చేదాకా

ఆగస్టు

పెట్టె వచ్చింది. 30 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల వెడల్పు పని జాగా ఉన్న, కంప్యూటరు ఆదేశాలతో కోసే చిన్న సీఎన్‌సీ మిల్లింగ్ యంత్రం. అందుకే దీన్ని 3018 అంటారు. కొర్లగుంటలో మా మిద్దె మీది గదిలో, అమ్మ ఆవకాయ జాడీలు పెట్టుకునే బల్ల ఖాళీ చేయించి దాని మీద కూర్చోబెట్టాను. బిగించడానికి రెండు సాయంత్రాలు పట్టింది.

అమ్మ చూసి, "దీంతో ఇంటి పేరు పలక చెక్కగలవా?" అంది. ఒక్క ఆదివారం పని అన్నాను. మా ఇంటి పేరు "శ్రీనివాస నిలయం". తిరుపతిలో వీధికి రెండు శ్రీనివాస నిలయాలు ఉంటాయి, కానీ మాకు పలక లేదు.

మొదటి చిక్కు శ్రీ దగ్గరే వచ్చింది. కటింగ్ దారులు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో తెలుగు టైపు చేస్తే ఒత్తులు, గుడులు విడిపోయి శకారం ఒకచోట, రకారం ఇంకొకచోట పడ్డాయి. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్‌ సాఫ్ట్‌వేర్‌లో రాసి, అక్షరాలను గీతలుగా మార్చి, ఆ బొమ్మను పంపితే సరిపోయింది. తెలుగులో చెక్కదలచినవారు మొదటి రోజే ఈ పని చేయండి, ఒక రాత్రి మిగులుతుంది.

నేరుగా టేకు మీదికి పోకుండా "నిలయం" చివరి సున్న ఒక్కటే ఎండీఎఫ్ (చెక్కపొడిని నొక్కి చేసిన పలక) ముక్క మీద కోశాను. వ్యాసం 40 మిల్లీమీటర్లు రావాలి. దూరం నుంచి సున్నలాగే ఉంది. వేలితో తడిమితే నాలుగు దిక్కులా నాలుగు చిన్న మెట్లు తగిలాయి. కొలిచే వెర్నియర్ పెడితే అడ్డంగా, నిలువుగా దాదాపు సరిగ్గానే ఉంది గానీ, మూల నుంచి మూలకు ఒకవైపు 39.8, రెండోవైపు 40.1.

ఆ రాత్రి ఆ ముక్కను ముందు పెట్టుకుని కూర్చుంటే అర్థమైంది, యంత్రం జబ్బులన్నీ సున్నలో కనిపిస్తాయని. అడ్డం కొలతా నిలువు కొలతా వేరైతే, మోటారు మిల్లీమీటరుకు ఎన్ని స్టెప్పులు (చిన్న అడుగులు) వేయాలన్న లెక్క తప్పు. రెండు మూలకొలతలు వేరైతే ఎక్స్, వై అక్షాలు మూలమట్టానికి లేవు. నాలుగు దిక్కుల్లో మెట్లుంటే, అక్షం వెనక్కి తిరిగే చోట మరకూ నట్టుకూ మధ్య ఖాళీ ఉంది. మన లేత్ పనివాళ్లు దాన్ని "ప్లే" అంటారు. అంచు అలలు అలలుగా ఉంటే చట్రమే వణుకుతోంది. నలుచదరపు ముక్కలు కోసి చూసేవారికి ఇవన్నీ ఇంత తొందరగా దొరకవు. గుండ్రటి లిపి రాసే మనకు ఆ పరీక్ష అక్షరాల్లోనే ఉంది.

నా సున్నకు చివరి మూడు జబ్బులూ ఉన్నాయి.

సెప్టెంబరు

తెలిసి కూడా తప్పు చేశాను. కిట్‌తో వచ్చిన 775 మోటారు బలం చాలడం లేదనుకుని కోసే బిట్టును తిప్పే 500 వాట్ల స్పిండిల్ కొన్నాను. దాని బరువంతా బేకలైటు పలకల మధ్య సన్నటి కడ్డీల మీద వేలాడదీశాను. అలలు తగ్గకపోగా పెరిగాయి. చప్పుడుకు పక్కింటి పెద్దాయన గోడ మీదుగా తొంగిచూసి, "పిండిమర పెట్టారా?" అని అడిగాడు.

అక్టోబరు

రేణిగుంట రోడ్డులో లేత్ పని చేసే మేస్త్రీ ఒకాయనను ఇంటికి పిలుచుకొచ్చాను. ఆయన యంత్రాన్ని ఆన్ కూడా చేయనివ్వలేదు. స్పిండిల్ కొసను బొటనవేలితో నొక్కి, వదిలి, "ఇది యంత్రమా, ఉయ్యాలా నాయనా?" అన్నాడు. నాలుగు రోజులకని, సన్నటి కదలికను ముల్లుతో చూపే డయల్ గేజ్ ఇచ్చి వెళ్లాడు.

సామాను తూచే కొక్కెం తరాజుతో స్పిండిల్ కొసను 5 కిలోల బలంతో లాగి డయల్ గేజ్ ముల్లు చూశాను. 0.42 మిల్లీమీటరు. గేజ్‌ను స్పిండిల్ మోసే బండి మీదికి మార్చి అదే బలంతో లాగితే 0.30. పక్క పలకల మీద 0.11. అంటే పలకలు 0.11, కడ్డీలు 0.19, స్పిండిల్‌ను పైకీ కిందికీ జరిపే జెడ్ అక్షం 0.12 చొప్పున వంగుతున్నాయి. రూపాయి ఖర్చు లేని ఈ పరీక్ష స్పిండిల్ కొనక ముందు చేసి ఉంటే బాగుండేది.

నా కడ్డీలు 10 మిల్లీమీటర్లవి, రెండు కొసల్లో తప్ప మధ్యలో ఆసరా లేనివి. కడ్డీ గట్టిదనం వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది, పొడవుకు మూడో ఘాతంలో తగ్గుతుంది. 10 బదులు 12 వేస్తే రెట్టింపు, 16 వేస్తే ఆరున్నర రెట్లు. అయినా మధ్యలో ఆసరా లేనిది ఎప్పటికీ తీగే. పొడవునా ఆనిక ఉండే లీనియర్ రైలే వేయాలని తీర్మానించుకున్నాను.

నవంబరు

సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై వెళ్లాను. రిచీ స్ట్రీట్‌లో మోటార్లను నడిపే మూడు స్టెప్పర్ డ్రైవర్లు, 36 వోల్టుల పవర్ సప్లై, షీల్డు ఉన్న కేబులు కొన్నాను. రైళ్లు, నట్టులో గోళీలు ఉండి దాదాపు ఖాళీ లేకుండా తిరిగే బాల్ స్క్రూలు ఆన్‌లైన్‌లో తెప్పించాను. కార్తీకం వానలకు గది గోడ చెమ్మగిల్లి పాత ఎండీఎఫ్ బల్ల ఉబ్బింది. ఈసారి దానికి అంచులతో సహా రెండు పూతలు సీలర్ వేయాలి.

జనవరి నుంచి మార్చి

చట్రం మళ్లీ కట్టాను. 40కి 80 అల్యూమినియం ప్రొఫైలు, పక్క పలకలకు బేకలైటు బదులు 10 మిల్లీమీటర్ల అల్యూమినియం, 15 సైజు రైళ్లు, ఎక్స్, వైలకు 1605 బాల్ స్క్రూలు. 16 మిల్లీమీటర్ల మందం, చుట్టుకు 5 మిల్లీమీటర్ల ప్రయాణం అని ఆ అంకెల అర్థం. పలకలకు రంధ్రాలు మేస్త్రీ దగ్గరే వేయించాను.

ఎక్కువ రోజులు తిన్నది రైళ్ల అమరిక. రెండు రైళ్లనూ కొలిచి బిగిస్తే బండి ఒక కొసన ఇరుక్కుంటుంది, రెండో కొసన వదులుగా ఉంటుంది. మేస్త్రీ చెప్పిన పద్ధతి వేరు. ముందు ఒక రైలునే డయల్ గేజ్‌తో తిన్నగా చూసుకుని గట్టిగా బిగించాలి. రెండోదాని బోల్టులు వదులుగా ఉంచి, బండిని ఈ కొస నుంచి ఆ కొసకు నడుపుతూ, బండి ఎక్కడుంటే అక్కడి బోల్టు బిగించుకుంటూ పోవాలి. అలా చేస్తే రెండో రైలు మొదటిదాని జాడలో తనంతట తానే కూర్చుంటుంది.

మూలమట్టం చూడడానికి ఇనుప మట్టపలకను నమ్ముకోలేదు. ఎండీఎఫ్ మీద మూడు చిన్న రంధ్రాలు వేయించాను: మొదటిది మూలలో, రెండోది ఎక్స్ వెంట 240, మూడోది వై వెంట 180 దూరంలో. చివరి రెండింటి మధ్య 300 రావాలి. మొదట 300.9 వచ్చింది. పలక వెనక శీతల పానీయం డబ్బా రేకు కత్తిరించి పెట్టాను, పొర సుమారు 0.1 మిల్లీమీటరు ఉంటుంది. నాలుగోసారికి 300.1కి వచ్చింది. అక్కడ ఆపాను.

లాగుడు పరీక్ష మళ్లీ చేశాను. 0.42 ఉన్నది 0.13. అందులో 0.10 పైగా జెడ్ అక్షానిదే, ఎందుకంటే దాన్ని నేను ముట్టుకోలేదు. డబ్బు అయిపోయింది. యంత్రానికి 16 వేలు, మార్పులకు 41 వేలు.

ఏప్రిల్

స్టెప్పుల లెక్క. మోటారు చుట్టుకు 200 స్టెప్పులు. డ్రైవర్‌లో ఒక్కో స్టెప్పును ఎనిమిదో వంతులుగా పెట్టాను కాబట్టి 1600. చుట్టుకు 5 మిల్లీమీటర్లు అంటే మిల్లీమీటరుకు 320. యంత్రాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ జీఆర్‌బీఎల్‌లో ఎక్స్, వైల సెట్టింగులైన $100, $101లకు ఆ అంకె. పదహారో వంతు పెట్టి ఉంటే నున్నగా తిరిగేదేమో గానీ, ఆర్డునో ఊనో బోర్డు మీద నడిచే జీఆర్‌బీఎల్ సెకనుకు 30 వేల పల్సులకు (స్టెప్పు సంకేతాలకు) మించి సుఖంగా ఇవ్వలేదు. 320తో నిమిషానికి 5,600 మిల్లీమీటర్ల దాకా పోవచ్చు, 640తో సగమే.

జీఆర్‌బీఎల్ ప్లేను లెక్కలో సర్దదు. ఆ ఖాళీని ఇనుములోనే తీయాలి. బాల్ స్క్రూ వేసింది అందుకే.

తరువాతిది దయ్యం కథ. స్పిండిల్ ఆన్ చేయగానే అలారం 1, అంటే అక్షం కొస దాటకుండా ఆపే లిమిట్ స్విచ్ తగిలిందని. ఏ స్విచ్ దగ్గరా ఏమీ లేదు. షీల్డు కేబులు వేశాను, షీల్డును ఒక్క కొసనే భూమికి కలిపాను, మామూలుగా మూసి ఉండే రకంగా స్విచ్‌ల వైరింగు మార్చాను. తగ్గింది, పోలేదు. వారం తరువాత ప్లగ్ పాయింటు విప్పి చూస్తే మూడో రంధ్రం వెనక తీగే లేదు! మిద్దె మీది గదికి ఎర్తింగ్ లాగకుండానే వైరింగు ముగించి వెళ్లారు. కింద ఎర్త్ గుంత నుంచి తీగ లాగించి, వేసవి కదా అని గుంతలో నాలుగు బిందెల నీళ్లు పోశాం. అలారం మళ్లీ రాలేదు. ఇన్నాళ్లూ ఆ లోహపు చట్రాన్ని నేను చేత్తో పట్టుకుని పనిచేశానని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. యంత్రం కొనక ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

మే

ఎండలు. తెల్లవారుజామున ఐదు నుంచి ఏడు దాకా తప్ప గదిలోకి అడుగుపెట్టలేదు.

జూన్

అల్యూమినియం ప్రయత్నం. పాత సామాను దుకాణంలో తూకానికి కొన్న రేకు మెత్తగా ఉండి కరిగి బిట్టుకు అంటుకుంది. రెండు బిట్లు విరిగాయి. 6061 రకం పలక తెప్పించాక పొట్టు పొడిపొడిగా రాలింది. నాకు కుదిరిన అంకెలు: 3.175 మిల్లీమీటర్ల ఒంటి అంచు బిట్టు, నిమిషానికి 12,000 చుట్లు, ఒక్కో చుట్టుకు 0.02 మిల్లీమీటరు కోత, అంటే నిమిషానికి 240 మిల్లీమీటర్ల వేగం. లోతు ఒక్కోసారి 0.2. కుంచెతో కిరోసిన్ చుక్కలు. లోతు 0.3 చేస్తే జెడ్ అక్షం మూలుగుతుంది.

కళ్లద్దాలు లేకుండా దగ్గరికి పోవద్దు. తిరుగుతున్న బిట్టు దగ్గర చేతికి గ్లౌజు వద్దే వద్దు, చుట్టుకుంటే చెయ్యి లాగేస్తుంది.

ఆగస్టు

శేషాచలం నీడలో ఉంటూ చెక్క పని అంటే అందరూ ఎర్రచందనమా అని గుసగుసగా అడుగుతారు. కాదు, టేకు. పాత తలుపు ముక్క.

టేకు మీద సున్న కోస్తే కొత్త జబ్బు కనిపించింది. కొలతలు బాగున్నాయి గానీ, చుట్టులో ఎదురెదురుగా ఉన్న రెండు పావుభాగాల అంచు నున్నగా, మిగిలిన రెండు పావులు పీచు లేచి ఉన్నాయి. చట్రంలో లోపమేమో అని రెండు రోజులు వెతికాను. ఏర్పేడు దగ్గర మాధవమాలకు కొయ్యబొమ్మలు చూడడానికి వెళ్లినప్పుడు ముక్క వెంట తీసుకెళ్లాను. అక్కడి శిల్పి ఒకాయన ముక్కను వెలుగుకు పట్టుకుని, "చెక్క తీరు చూడకుండా ఒకే వైపు తిప్పారు. సున్నకు మేము ఉలిని నాలుగుసార్లు మళ్లిస్తాం" అన్నాడు. పీచు వెంట కోసే పావుల్లో నున్నగా వస్తుంది, పీచుకు ఎదురు పోయే పావుల్లో లేస్తుంది. నా బిట్టు తిరిగేది ఒకే వైపు, దానికి చెక్క తీరు తెలియదు.

మొదటి కోతలో అంచున 0.2 మిల్లీమీటరు వదిలేసి, చివర కొత్త బిట్టుతో ఒక్క సన్నపాటి చుట్టు పెట్టాను. పీచు పూర్తిగా పోలేదు. ఉప్పు కాగితంతో రెండు రుద్దులకు పోయేంత మిగిలింది.

అక్టోబరు

పలక. 280కి 150 టేకు, పై వరుసలో "శ్రీనివాస", కింద "నిలయం". 2 మిల్లీమీటర్ల బిట్టు, 3 మిల్లీమీటర్ల లోతు, మూడు గంటల పది నిమిషాల పని.

"వా" మధ్యలో కరెంటు పోయింది. ఏడాది కిందట అయితే చెక్క పారేయడమే. ఇప్పుడు మూలల్లో సామీప్య సెన్సర్లు ఉన్నాయి. కరెంటు వచ్చాక బిట్టు పైకెత్తి, యంత్రాన్ని మూలకు పంపి సున్నా స్థానం పట్టించాను. పలక మీద పని మొదలయ్యే చోటు జీఆర్‌బీఎల్ గుర్తుంచుకునే జీ54లో భద్రంగానే ఉంది, అది కరెంటు పోయినా చెరగదు. ఆదేశాల ఫైలులో ఆగిన చోటికి ఇరవై వరుసలు వెనక్కి వెళ్లి, స్పిండిల్ ఆన్ చేయించే వరుసను చేత్తో చేర్చి మళ్లీ నడిపాను. అతుకు ఎక్కడుందో వెతికినా దొరకలేదు.

చివరి సున్న: అడ్డం 40.02, నిలువు 39.98, మూలల తేడా 0.03. మెట్లు వేలికి తగలడం లేదు.

అమ్మ పసుపు కుంకుమ పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి చూసి, "అంతా బాగుంది గానీ, ఆ సున్న కాస్త పెద్దదైనట్టుంది కదరా" అంది. అది ఫాంటు తప్పని చెప్పాను. నమ్మలేదు.

సంక్రాంతి లోపు జెడ్ పలక మార్చాలి. లాగుడు పరీక్షలో ఆ 0.10 అలాగే ఉంది.