వాలిడేటర్ పడిపోతే మెయిల్ ఎవరు పంపాలి?

ఈథీరియం నోడ్ (నెట్‌వర్క్‌లో పాల్గొనే ప్రోగ్రాం) నడిచే మెషీన్‌లోనే అలర్ట్‌లు పంపే ప్రోగ్రాం కూడా పెట్టుకుని నిశ్చింతగా ఉంటారు చాలామంది. కరెంటు పోతే రెండూ కలిసే ఆగిపోతాయి. మెయిల్ రాదు. రాలేదు కాబట్టి అంతా సవ్యంగానే ఉందనుకుంటారు. అందుకే ఇంట్లో ఈథీరియం వాలిడేటర్ (ఈథర్ డిపాజిట్ పెట్టి బ్లాక్‌లకు ఓటేసే ప్రోగ్రాం) నడిపేవాళ్లు ముందు బయటి కాపలా ఏర్పాటు చేసుకోవాలి. మెషీన్ లెక్కలు సేకరించే ప్రొమీథియస్, వాటిని గ్రాఫ్‌లుగా చూపే గ్రఫానా ఆ తర్వాతి మాట.

బయటి కాపలాలో అన్నిటికంటే సులువైనది బీకన్‌చా.ఇన్ అనే సైట్. ఖాతా తెరిచి, మీ వాలిడేటర్ ఇండెక్స్ (దాని నంబరు) చేర్చి, అటెస్టేషన్ (వాలిడేటర్ వేసే ఓటు) తప్పినప్పుడు మెయిల్ పంపమని టిక్ పెడితే చాలు. పబ్లిక్ సమాచారమే తప్ప ఏ రహస్య కీ ఇవ్వనక్కర్లేదు. అలాంటిదేదైనా అడిగే సైట్ కనిపిస్తే అక్కణ్నుంచి లేచి రావడమే. ఇది చెయిన్ మీద నమోదైన ఫలితాన్నే చూస్తుంది కాబట్టి దీనికి మించిన సాక్ష్యం లేదు, కానీ తప్పు ఎక్కడ జరిగిందో చెప్పదు.

రెండోది హెల్త్‌చెక్స్.ఐఓ లాంటి సేవ. మీ మెషీన్ ఐదు నిమిషాలకోసారి దానికి పింగ్ కొడుతుంది. పింగ్ ఆగి పదిహేను నిమిషాలు దాటితే ఆ సేవే మీకు మెయిల్ పంపుతుంది. అయితే క్రాన్‌లో (నిర్ణీత వేళకు ఆదేశాలు నడిపే సాధనం) ఊరికే పింగ్ పెడితే మెషీన్ బతికుందని తెలుస్తుందే గానీ నోడ్ సంగతి తెలియదు. చాలామంది నోడ్ ఇచ్చే బీకన్ ఏపీఐలోని హెల్త్ చిరునామాను కర్ల్ అనే కమాండ్‌తో, తప్పు కోడ్ వస్తే విఫలమవమనే ఎఫ్ ఆప్షన్ ఇచ్చి అడుగుతారు. చిక్కు అక్కడే. సింక్ అవుతున్న నోడ్ 206 కోడ్ ఇస్తుంది. కర్ల్ 400, ఆపైన కోడ్‌లనే తప్పుగా లెక్కేస్తుంది. అంటే చెయిన్‌కు గంటల కొద్దీ వెనకబడ్డ నోడ్ కూడా పాసైపోతుంది. దాని బదులు సింకింగ్ చిరునామాను అడగండి. జవాబులో సింక్ అవుతోందా, ఆప్టిమిస్టిక్ స్థితిలో (బ్లాక్‌లను ఇంకా పూర్తిగా సరిచూడని స్థితి) ఉందా, ఎగ్జిక్యూషన్ క్లయింట్ (లావాదేవీలను నడిపే జంట ప్రోగ్రాం) ఆఫ్‌లైనా అని మూడు విలువలుంటాయి. మూడూ ఫాల్స్ అయితేనే పింగ్ వెళ్లేలా జేక్యూతో (జేసన్ జవాబులు చదివే సాధనం) నాలుగు లైన్ల స్క్రిప్ట్ రాసుకోవచ్చు. లైట్‌హౌస్ అనే నోడ్ ప్రోగ్రాంలో ఈ ఏపీఐ 5052 పోర్ట్ మీద ఉంటుంది. దాన్ని రౌటర్‌లో బయటికి తెరవకండి. మరో సంగతి, యూపీఎస్ మెషీన్‌కే పెట్టి ఫైబర్ బాక్స్‌ను వదిలేస్తే కరెంటు పోయిన ప్రతిసారీ ఈ మెయిల్ వస్తుంది.

పదిహేను నిమిషాలు ఎక్కువ కాదా అంటే, కాదు. వాలిడేటర్ ప్రతి ఇపాక్‌లో, అంటే 6.4 నిమిషాలకోసారి, ఒక అటెస్టేషన్ ఇస్తుంది. అది తప్పితే పడే జరిమానా, ఇచ్చి ఉంటే వచ్చే ఆదాయంలో సుమారు ముప్పావు వంతు. గంటసేపు ఆగిన నష్టం మరో గంట నడిస్తే పూడిపోతుంది. సింక్ కమిటీలో (కొద్దిమంది వాలిడేటర్లకే వంతుగా వచ్చే అదనపు పని) ఉన్న 27 గంటలు మాత్రం దెబ్బ కాస్త గట్టిగానే ఉంటుంది. అసలు ప్రమాదం అర్ధరాత్రి మెయిల్ చూసి కంగారుపడి, అవే కీలను ఇంకో మెషీన్‌లో ఎక్కించడం. పాతది ఆ తర్వాత దానంతటదే లేచిందంటే రెండు సంతకాలు పడి స్లాషింగ్ (డిపాజిట్‌లో కోత) జరుగుతుంది, వాలిడేటర్‌ను బలవంతంగా వెళ్లగొడతారు. మెయిల్ సారాంశంలోనే ‘కీలు కదపొద్దు’ అని రాసుకోవడం మంచిది.

కారణం తెలియాలంటే ప్రొమీథియస్, దాని అలర్ట్‌లను మెయిల్‌గా పంపే అలర్ట్‌మేనేజర్ కావాలి. రూల్స్ ఎక్కువ వద్దు. లైట్‌హౌస్ బీకన్ (5054), వాలిడేటర్ (5064), మెషీన్ స్థితి చెప్పే నోడ్ ఎక్స్‌పోర్టర్ (9100; ఇవి పోర్ట్ నంబర్లు), వీటిలో ఏదైనా పదిహేను నిమిషాలు పలక్కపోతే ఒకటి. డిస్క్‌లో ఖాళీ పది శాతం కంటే తగ్గితే ఒకటి. పీర్లు (మీ నోడ్‌తో కలిసిన ఇతర నోడ్‌లు) పదికంటే తక్కువుంటే ఒకటి. గడియారం సింక్ తప్పితే ఒకటి. ఒక బ్లాక్‌కు కేటాయించిన స్లాట్ 12 సెకన్లే, అందులో నాలుగో సెకనుకే ఓటు వేయాలి కాబట్టి గడియారాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. క్లయింట్ అప్‌డేట్‌లో మెట్రిక్ పేరు మారితే రూల్ తప్పు చూపదు, మౌనంగా ఉండిపోతుంది. అందుకని ప్రతి ముఖ్యమైన మెట్రిక్‌కూ అది కనిపించకపోతే మోగే ఆబ్సెంట్ ఫంక్షన్‌తో ఇంకో రూల్ జతచేయండి.

మెయిల్‌కు సొంత సర్వర్ పెట్టే సరదా మానుకోండి. ఇంటి ఐపీ నుంచి వెళ్లే మెయిల్ స్పామ్‌లోకే పోతుంది, 25 పోర్ట్‌ను చాలా నెట్‌వర్క్‌లు మూసేస్తాయి. అలర్ట్‌ల కోసమే ఒక జీమెయిల్ ఖాతా తెరిచి, టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకుని, మధ్యలో ఖాళీలు తీసేసి, 587 పోర్ట్‌తో అలర్ట్‌మేనేజర్‌లో ఇవ్వండి. సమస్య తీరిందన్న మెయిల్ డిఫాల్ట్‌గా రాదు. ఈమెయిల్ రిసీవర్‌లో సెండ్ రిజాల్వ్డ్‌ను ట్రూ చేయాలి. అదే అలర్ట్‌ను మళ్లీ పంపే రిపీట్ ఇంటర్వల్ డిఫాల్ట్ నాలుగు గంటలు, అది సరిపోతుంది. చదివే ఖాతాలో ఈ చిరునామాకు ఫిల్టర్ పెట్టి స్పామ్‌కు పంపొద్దని చెప్పండి.

గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ మారిస్తే యాప్ పాస్‌వర్డ్‌లన్నీ రద్దవుతాయి. ఇక అలర్ట్‌మేనేజర్ లాగ్‌లో 535 (లాగిన్ తిరస్కరణ) ఎర్రర్లే, మీకు మాత్రం ఏమీ రాదు. దీనికో మందుంది. ఎప్పుడూ మోగుతూనే ఉండే వాచ్‌డాగ్ అలర్ట్ ఒకటి రాసి, దాన్ని గంటకోసారి ఇదే జీమెయిల్ దారిలో హెల్త్‌చెక్స్ ఇచ్చే ఈమెయిల్ చిరునామాకు పంపండి. అక్కడ గడువు గంట, అదనంగా అరగంట. ప్రొమీథియస్, అలర్ట్‌మేనేజర్, జీమెయిల్, ఏ లంకె తెగినా హెల్త్‌చెక్స్ తన సొంత సర్వర్ నుంచి మీకు చెబుతుంది.

పరీక్షకు వాలిడేటర్‌ను ఆపొద్దు. ప్రొమీథియస్, అలర్ట్‌మేనేజర్‌లతో వచ్చే ప్రోమ్‌టూల్, ఏఎంటూల్‌తో ఫైళ్లు సరిచూసుకుని నోడ్ ఎక్స్‌పోర్టర్‌ను ఆపండి. పైసా జరిమానా పడదు, పదహారు పదిహేడు నిమిషాల్లో మెయిల్ రావాలి. తర్వాత క్రాన్ లైన్‌ను కాసేపు కామెంట్ చేసి హెల్త్‌చెక్స్ మెయిల్ కూడా వస్తోందో లేదో చూడండి. ఆ కామెంట్ తీసేయడం మాత్రం మర్చిపోకండి.