ఫౌంటెన్ గట్టు మీద పంచాయితీ

ఆదివారం, రాత్రి పదిన్నర.

కాళ్లు పీకుతున్నాయి. నడిచి కాదు, నిలబడి. పొద్దున ఆరున్నరకి వాకింగ్‌కని బయల్దేరినదాన్ని తొమ్మిదింబావుకి ఇల్లు చేరాను. వేసింది మాత్రం ఒక్కటే రౌండు.

వారం రోజులుగా పార్కు గేటుకి ఒక కాగితం వేలాడుతోంది. తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి తీగతో కట్టారు. తూర్పు మూల ఖాళీ జాగాలో పబ్లిక్ స్విమ్మింగ్ పూల్ కట్టాలనుకుంటున్నారట. పొడవు 25 మీటర్లు, వెడల్పు 12.5, లోతు ఈ చివర 1 మీటరు, ఆ చివర 1.8. చుట్టుపక్కలవాళ్లు తమ అభిప్రాయాలు నెలాఖరులోగా రాసివ్వాలి. అంతే. ఎవరు నడుపుతారు, నీళ్లు ఎక్కణ్ణుంచి తెస్తారు, ఒక్క ముక్క లేదు. వారమంతా ఎవరికి వాళ్లం చదువుకుని తలూపుకుంటూ పోయాం. ఇవాళ ఎవరు మొదలుపెట్టారో గానీ, రెండో రౌండుకొచ్చేసరికి ఫౌంటెన్ దగ్గర ఇరవై మంది దాకా పోగయ్యారు.

ఫౌంటెన్ అని అలవాటు కొద్దీ అంటాం గానీ, అందులో నీళ్లు చూసి ఏళ్లయింది. మధ్యలో తామరపువ్వు ఆకారం, దాని రేకుల సందుల్లో ఎండుటాకులు, అడుగున పాకుడు ఎండి పెచ్చులు పెచ్చులుగా లేచిన నీలం రంగు. పైపు మూతికి ఎవరో గుడ్డపీలిక కుక్కారు. వానాకాలంలో నాలుగు రోజులు నీళ్లు నిలిచి దోమలు గుడ్లు పెడతాయి, తర్వాత ఎండిపోతుంది. గట్టు మాత్రం కూర్చోడానికి బాగుంటుంది. పార్కులో ఏ పంచాయితీ అయినా తెగేది ఆ గట్టు మీదే.

మొదట నోరు విప్పింది బాబాయిగారు. (మా వరసలో మూడో ఇంటి పెద్దాయన. చుట్టరికం ఏమీ లేదు, అందరికీ బాబాయిగారే.) "కుళాయిలో నీళ్లు చాలక మనం చస్తుంటే వీళ్లకి జలకాలాటలా?" అన్నారు. నా చేతిలో ఫోనుంది కదా, ఊరుకోకుండా లెక్క కట్టాను. సగటు లోతు 1.4 మీటర్లు. ఇరవై అయిదుని పన్నెండున్నరతో, దాన్ని మళ్లీ 1.4తో హెచ్చిస్తే 437.5 ఘనపు మీటర్లు. అంటే 4,37,500 లీటర్లు. అంకె పైకి చదవగానే "అబ్బో" అన్నారంతా. బాబాయిగారు నా వంక మెచ్చుకోలుగా చూశారు. నిజం చెప్పొద్దూ, నాకూ గర్వంగానే అనిపించింది.

ఆ గర్వం అయిదు నిమిషాలు కూడా నిలవలేదు. చివరింటి కుర్రాడు, చదువుకునే రోజుల్లో ఒక వేసవంతా పూల్ దగ్గర లైఫ్‌గార్డుగా చేశాడట, "ఆంటీ, అవి రోజూ మార్చే నీళ్లు కాదు, ఒకసారి నింపేవి" అన్నాడు. ఉన్న నీళ్లే పంపు లాగి, ఫిల్టరు గుండా పంపి, మళ్లీ లోపలికి వదులుతుంది. పబ్లిక్ పూల్ అయితే నాలుగు నుంచి ఆరు గంటల్లో పూల్‌లో ఉన్నంత నీరూ ఒక చుట్టు తిరగాలి. రోజూ పోయాల్సింది ఆవిరైపోయినంత, చిందిపోయినంత. మళ్లీ ఫోను తీశాను. ఎండాకాలం రోజుకి అర సెంటీమీటరు ఆవిరైతే పదిహేను వందల అరవై లీటర్ల పైచిలుకు. తక్కువేం కాదు. రాత్రిళ్లు పైన కవరు పరిస్తే అందులో చాలా భాగం మిగుల్తుందన్నాడు. "మరి ఆ ఫిల్టరు కడిగే నీళ్ల మాటేంటి?" అన్నారు బాబాయిగారు. కుర్రాడు తడుముకున్నాడు. ఫిల్టర్లో ఇసుకని వెనక్కి నీళ్లు కొట్టించి కడగాలట, ఆ మురికినీళ్లు ఎక్కడికో పంపాలట. ఎక్కడికి? గేటు మీద కాగితంలో ఆ ఊసే లేదు.

ఎదురింటి వదినకి పూల్ అంటేనే కళ్ల మంట. ఎప్పుడో ఒకసారి పిల్లల్ని తీసుకెళ్తే ఆ వాసనకి తలనొప్పి వచ్చిందట. "క్లోరిన్ దిమ్మరించేస్తారు" అంది. కుర్రాడు నవ్వుతూ, "వాసన గుప్పుమందంటే మందు ఎక్కువై కాదు అక్కా, మనుషులు ఎక్కువై" అన్నాడు. చెమటా, ఇంకా చెప్పకూడని మరోటీ క్లోరిన్‌తో కలిస్తే క్లోరమైన్లని పుడతాయి, ఆ ఘాటూ, కళ్లమంటా వాటివల్లేనట. చెప్పకూడని మరోటి అనగానే పెద్దవాళ్లందరి చూపులూ పిల్లల మీదికి పోయాయి. పిల్లలు మా వంక చూశారు! దిగేముందు స్నానం చేస్తే సగం బాధ తీరుతుందట. క్లోరిన్ లీటరుకి ఒకటి నుంచి మూడు మిల్లీగ్రాముల మధ్య, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం కొలత) 7.2కీ 7.8కీ మధ్య ఉండేలా రోజుకి ఎన్నోసార్లు పరీక్షించాలి. ఆసుపత్రిలో నర్సుగా చేసే అమ్మాయి ఇంకోటి కలిపింది. విరేచనాలు అయిన పిల్లల్ని పంపకూడదు, క్రిప్టోస్పోరిడియం అనే క్రిమి మామూలు క్లోరిన్‌లో వారం దాటినా బతికే ఉంటుంది, అది సోకిందంటే తగ్గాక కూడా రెండు వారాలు ఆగాలి అని. ఆ పేరు నోరు తిరక్క బాబాయిగారు "ఆ క్రిప్టో ఏదో" అని తేల్చేశారు.

పార్కింగ్ గురించి, గోల గురించి, చెట్ల గురించి కూడా వాదించుకున్నాం. రాయను, ఎప్పుడూ ఉండేవే. ఒక్క మాట మాత్రం నా డైరీలో నేను దాచుకోనక్కర్లేదు. ఆ తూర్పు మూల నా బెంచీ ఉంది. పొద్దున్నే పది నిమిషాలు ఎవరితో మాట్లాడక్కర్లేకుండా కూర్చునే చోటు ఇంటా బయటా నాకు అదొక్కటే. 4,37,500 లీటర్లని అంత ఉత్సాహంగా లెక్క కట్టింది నీళ్ల మీద దిగులుతో కాదు.

టీచరుగారు వచ్చాక మాట మళ్లింది. ఆవిడ పూల్ కావాలనే పక్షం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 2021లో నీళ్లలో మునిగి చనిపోయినవాళ్లు దాదాపు మూడు లక్షల మంది, పదింట తొమ్మిది వంతులకు పైగా పేద, మధ్యస్థ ఆదాయ దేశాల్లోనే. "వాళ్లంతా పూల్స్‌లో పోయినవాళ్లనుకుంటున్నారా? చెరువులూ, బావులూ, కాలవలూ. మనం వద్దన్నంత మాత్రాన పిల్లలు నీళ్లలోకి దిగడం మానతారా? దిగుతారు, మనం చూడని చోట" అన్నారు. బడి పిల్లలకి ఈత నేర్పాలని ఆ సంస్థే చెబుతోందట. ఆవిడ ఊపు చూస్తే అప్పుడే మొదటి బ్యాచికి పేర్లు రాసుకునేలా ఉన్నారు. మొహెంజొదారోని కూడా వదల్లేదు. నాలుగు వేల ఏళ్ల కిందటే వాళ్లు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల లోతున ఇటుకలతో కొలను కట్టి, నీళ్లు ఇంకకుండా తారు పూశారు, మనకేం రోగం అని. "వాళ్లు మురుగు పోయే దారి కూడా కట్టారమ్మా" అన్నారు బాబాయిగారు, ఇంకా ఫిల్టరు నీళ్ల దగ్గరే ఆగి.

"పూల్‌లో మాత్రం మునగరా?" అని ఎవరో అన్నారు. కుర్రాడు ఈసారి నవ్వలేదు. మునిగేవాళ్లు అరవరు, చెయ్యి ఊపరు అన్నాడు. నోరు నీళ్లపైకి వచ్చేది ఊపిరికే సరిపోదు, ఇక కేకెక్కడ? చేతులు రెండూ పక్కలకి నీళ్లని కిందికి నొక్కుతుంటాయి. చూసేవాళ్లకి ఆడుకుంటున్నట్టే ఉంటుంది. అలా ఇరవై సెకన్ల నుంచి నిమిషం, ఆ తర్వాత కిందికి. అందుకే వాళ్లకి నేర్పిన లెక్క, పది సెకన్లలో తన వాటా నీళ్లంతా చూపుతో తిరిగి రావాలి, ఎవరైనా కనిపిస్తే ఇంకో ఇరవైలో వాళ్లని చేరాలి. "అరగంట అలా చూశాక కళ్లు పనిచెయ్యవు. అందుకని మార్చి మార్చి కూర్చోబెట్టాలి. ఒక్కణ్ణి పెట్టి పొద్దంతా లాగుతామంటే మాత్రం కట్టొద్దు" అన్నాడు. కావాలన్న పక్షం వాడే, వాడి నోటి నుంచే కట్టొద్దు అని వచ్చేసరికి గట్టు మీద కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

అప్పుడు నేను అన్నాను. అనకుండా ఉండాల్సింది. "ఒక్క మోటారున్న ఫౌంటెన్‌ని నడపలేకపోయాం. నాలుగు లక్షల లీటర్లని నడుపుతామా?" అని.

బాబాయిగారి మొహం మాడిపోయింది. ఎందుకో నాకు వెంటనే తట్టలేదు, వదిన మోచేత్తో పొడిచింది. ఆ ఫౌంటెన్ కోసం ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించింది ఆయనే. మేం ఈ వీధికి రాకముందు మాట. మూడు నెలలు ఆడిందట, పిల్లలు తడుస్తూ గంతులేసేవారట. తర్వాత మోటారు కాలింది. "మూడుసార్లు అర్జీ పెట్టాను. మొదటిసారి వచ్చి చూసి పోయారు. రెండోసారి మోటారు విప్పుకుపోయారు. మూడోసారికి ఆ ఫైలు ఏ బల్ల మీద ఉందో చెప్పేవాడు లేడు" అన్నారు, ఎవరి వంకా చూడకుండా. చేత్తో గట్టు మీది పెచ్చు ఒకటి గీకుతూ, "కట్టడానికి అందరూ వస్తారమ్మా. నాకు నీళ్ల మీద కోపం కాదు" అన్నారు.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నా బెంచీని లీటర్ల చాటున దాచుకున్నట్టే ఆయనా ఫౌంటెన్‌ని కుళాయి నీళ్ల చాటున దాచుకున్నారు. తేడా ఏంటంటే ఆయన పడ్డ దెబ్బ నిజం.

తెగేది ఎలాగా అనుకుంటుంటే టీచరుగారే బ్యాగులోంచి కాగితం తీశారు. కావాలా వద్దా అని రాయొద్దు, ప్రశ్నలు రాద్దాం అన్నారు. రాసే పని నా మీద పడింది, అక్షరాలు బాగుంటాయని వంక. పంపు గది తాళం ఎవరి దగ్గర ఉంటుంది. లైఫ్‌గార్డులు ఎందరు, వాళ్ల జీతం ఏ పద్దులోంచి, అయిదో ఏడు కూడా ఆ పద్దు ఉంటుందా. నీళ్ల పరీక్ష ఫలితం రోజూ గేటు మీద రాసి పెడతారా. ఫిల్టరు కడిగిన నీళ్లు ఎటు పోతాయి. ఆడవాళ్లకి విడిగా వేళలు ఉంటాయా, బట్టలు మార్చుకునే గదులకి లోపలి గడియ ఉంటుందా. గడియ మాట నేను చేర్చాను, ఆడవాళ్లంతా ఒక్కసారిగా "ఆ, అది రాయి" అన్నారు. పబ్లిక్ అన్న మాట నిజమేనా, లేక మెంబరు కార్డున్న ఇళ్లకేనా అన్నది రాసేటప్పుడు ఇద్దరు మగవాళ్లు కొంచెం గొణిగారు. రాసేశాను.

అన్నిటికంటే పైన, మొదటి నంబరు వెయ్యమని బాబాయిగారు పట్టుబట్టింది ఇది: ముందు ఈ ఫౌంటెన్‌కి మోటారు బిగించి, ఒక్క ఏడాది ఆపకుండా ఆడించి చూపించండి, తర్వాత పూల్ సంగతి మాట్లాడుకుందాం. టీచరుగారు "ఏడాదా?" అన్నారు. బేరమాడి ఆరు నెలలకి దించారు. పందొమ్మిది సంతకాలు వచ్చాయి, రెండు పక్షాలవీ కలిపి. బెంచీ గురించి నేనేమీ రాయలేదు.

సాయంత్రం వదిన కూతురు వచ్చింది, ఆరో క్లాసు. "ఆంటీ, 1.4 అంటే మీకు ఎక్కడిదాకా వస్తుంది?" అంది. నిజమే, లీటర్లు లెక్కేశాను గానీ నన్ను నేను కొలుచుకోలేదు. కుట్టుమిషన్ టేపు తెచ్చి తలుపు చట్రం మీద పెట్టి కొలిచాం. 1 మీటరు బొడ్డుకి కొంచెం పైన. 1.4 దగ్గర దాని చేతిలో పెన్సిలు సరిగ్గా నా కింది పెదవికి తగిలింది. 1.8కి అది కుర్చీ ఎక్కాల్సి వచ్చింది. "మీరు ఈ చివరే ఉండండి" అంది గంభీరంగా. నాకు ఈత రాదు. ఈ వయసులో నేర్పుతారా అని కుర్రాణ్ణి అడగాలని పొద్దుట్నించీ నోటిదాకా వచ్చి ఆగుతోంది.

తలుపు మూసేటప్పుడు మా ఆయన చూసి, ఈ గీతలేంటి, చెరిపెయ్యనా అన్నారు. ఉండనివ్వండి అన్నాను.