నెలలు నిండని బిడ్డకు కంటి పరీక్ష: ఆ కాసేపూ జాగ్రత్త

34 వారాల లోపు పుట్టినా, 2 కిలోల కన్నా తక్కువ తూగినా, 30 రోజులు నిండేలోపే రెటీనా (కంటి లోపలి వెనక పొర) పరీక్ష జరగాలి. 28 వారాల లోపు పుట్టిన వాళ్లకైతే పుట్టిన 2-3 వారాలకే.

పాలు గంట ముందే పట్టేయాలి, లేదంటే కక్కుకుంటారు. కంటిపాప పెద్దదయ్యే చుక్కల్లో ఫినైలెఫ్రిన్ అనే మందు 2.5 శాతం దాటకూడదు. చెంపకు జారినదాన్ని వెంటనే తుడవాలి, ఒంట్లోకి ఇంకితే బీపీ పెరుగుతుంది.

అసలు కష్టం రెప్పలు విప్పి ఉంచే స్పెక్యులం దగ్గర. కన్ను నొక్కుకుంటే గుండె వేగం పడిపోవచ్చు, ఊపిరీ ఆగొచ్చు. కాలికి పల్స్ ఆక్సీమీటర్ ఉండాల్సిందే. అందులో అంకె తగ్గిందా, పరీక్ష ఆపి కంటి మీంచి చెయ్యి తీసేయాలి. నొప్పి తగ్గడానికి కంట్లో మత్తు చుక్క, 2 నిమిషాల ముందు నాలుక మీద కాస్త 24 శాతం సుక్రోజ్ (చక్కెర నీళ్లు), మెత్తటి గుడ్డలో చుట్టడం: ఏ ఒక్కటీ ఒంటరిగా చాలదు.

బెజవాడ ఎండలకు ఏసీ బాగా చల్లగా పెడతారు. బిడ్డ ఉన్నంతసేపు ఆ చలి తగ్గించండి, దయచేసి.