యాక్సెస్ నేర్చుకునేటప్పుడు నెట్‌లో ఏ జవాబును నమ్మాలి?

డేటాబేస్‌లు తయారుచేసుకునే ప్రోగ్రామ్ మైక్రోసాఫ్ట్ యాక్సెస్ 1992 నుంచి ఉంది. అన్నేళ్ల జవాబులూ నెట్‌లో ఒకే కుప్పగా పడి ఉన్నాయి. అందుకని ఏది దొరికినా ముందు చూడాల్సింది అది ఏ వెర్షన్ నాటిదని. యాక్సెస్ పాత రకం ఫైలైన ఎండీబీలో ఒక్కో యూజర్‌కు ఒక్కో పాస్‌వర్డ్, అనుమతులు పెట్టడం నేర్పే పాఠం ఎంత బాగున్నా, 2007లో వచ్చిన కొత్త రకం ఏసీసీడీబీ ఫైల్‌కు పనికిరాదు. ఆ సదుపాయమే అందులో లేదు. మీది ఏ వెర్షనో, 32 బిట్టో 64 బిట్టో తెలియాలంటే ఫైల్ మెనూలో అకౌంట్, అందులో అబౌట్ యాక్సెస్ తెరవండి. పాత వీబీఏ (యాక్సెస్‌లో ప్రోగ్రామ్ రాసే భాష) కోడ్‌లో విండోస్ ఫంక్షన్‌ను పిలిచే డిక్లేర్ లైన్ ఉండి పక్కన పీటీఆర్‌సేఫ్ లేకపోతే, 64 బిట్‌లో కంపైలే కాదు.

ఇక రెండో చిక్కు, వేరే డేటాబేస్ కోసం రాసిన ఎస్‌క్యూఎల్, అంటే డేటాను అడిగే క్వెరీలు రాసే భాష. ఏఐ చాట్‌లు ఇచ్చే జవాబుల్లో ఈ కల్తీ తరచూ కనిపిస్తుంది. కేస్ వెన్, కౌంట్ డిస్టింక్ట్, ఫుల్ ఔటర్ జాయిన్ ఉన్నాయంటే అది యాక్సెస్ కోసం రాసింది కాదు. కేస్ బదులు ఇక్కడ ఐఐఎఫ్ లేదా స్విచ్ వాడాలి. లైక్‌తో వెతకడానికి ‘ఏ అక్షరాలైనా సరే’ అనే గుర్తుగా మామూలు సెట్టింగ్‌లో * పెట్టాలి. % పెడితే ఎర్రర్ రాదు, ఖాళీ ఫలితం వస్తుంది. కొత్తవాళ్లు డేటాయే లేదనుకుంటారు.

మనవాళ్లను అన్నిటికన్నా ముంచేది తేదీ. ఎస్‌క్యూఎల్‌లో #05/04/2024# అంటే ఏప్రిల్ 5 కాదు, మే 4. విండోస్‌లో రోజు-నెల-ఏడాది సెట్టింగ్ ఉన్నా అంతే. #25/04/2024# అని రాస్తే మాత్రం 25వ నెల ఉండదు కాబట్టి తనే తిప్పి ఏప్రిల్ 25గా చదువుకుంటుంది. దాంతో 13వ తేదీ నుంచి లెక్క సరిపోతుంది, అంతకుముందు తప్పుతుంది. ఇలాంటి తప్పు పట్టుకోవడం చాలా కష్టం. #2024-04-05# అని రాస్తే గొడవ లేదు. ఎస్‌క్యూఎల్ రాయకుండా గళ్లు నింపి క్వెరీ తయారుచేసే డిజైన్ గ్రిడ్‌లో అయితే విండోస్ సెట్టింగే చెల్లుతుంది. గ్రిడ్‌లో చేసి చూపించే వీడియోల్లో ఈ సమస్య కనబడకపోవడానికి కారణం అదే.

హెచ్చరికలు అడ్డురాకుండా కోడ్‌లో డూకమాండ్.సెట్‌వార్నింగ్స్ ఫాల్స్ పెట్టమనే సలహాను పక్కన పెట్టేయండి. కోడ్ మధ్యలో ఆగితే హెచ్చరికలు అలాగే ఆగిపోయి ఉంటాయి. ఆ తర్వాత డిలీట్ క్వెరీ అడక్కుండానే వరసలు తుడిచేస్తుంది. దాని బదులు క్వెరీని నడిపే కరెంట్‌డీబీ.ఎగ్జిక్యూట్‌కు, తప్పు జరిగితే ఎర్రర్ చూపే డీబీఫెయిల్‌ఆన్‌ఎర్రర్ జతచేసి చూపించేవాళ్లకు పని తెలుసని అర్థం.

తెలుగు డేటా టేబుళ్లలో బాగానే నిలుస్తుంది. వీబీఏ ఎడిటర్‌లో నేరుగా తెలుగు రాస్తే మాత్రం ప్రశ్నార్థకాలు మిగులుతాయి. ఆ మాటలను ఒక టేబుల్‌లో పెట్టి, టేబుల్ నుంచి విలువ తెచ్చే డీలుకప్ ఫంక్షన్‌తో తెచ్చుకోవాలి. సీఎస్‌వీ (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైల్) ఇంపోర్ట్ చేసేటప్పుడు అడ్వాన్స్‌డ్‌లో కోడ్ పేజ్‌ను యూటీఎఫ్-8కి మార్చాలి.

చూసి నేర్చుకోవడానికి మైక్రోసాఫ్ట్ టెంప్లేట్లలోని నమూనా డేటాబేస్ నార్త్‌విండ్ 2.0 స్టార్టర్ ఎడిషన్ చాలు. డెవలపర్ ఎడిషన్‌ను కోడ్ అలవాటయ్యాక తెరవవచ్చు.

ఎర్రర్ వస్తే సమస్యను వర్ణిస్తూ వెతక్కండి, నంబర్‌తో వెతకండి. ఉదాహరణకు 3061: ఫీల్డ్ పేరులో అక్షరం తప్పి ఉండాలి, లేదా క్వెరీలో ఫారంలోని బాక్స్ పేరు ఉండాలి. ఈ రెండో రకం క్వెరీ, ఆ ఫారం తెరిచి ఉండగా డబుల్ క్లిక్ చేస్తే నడుస్తుంది, కోడ్ నుంచి ఎగ్జిక్యూట్ చేస్తే ఆగిపోతుంది. ఎవరినైనా అడిగేటప్పుడు ఈ తేడా చెప్పి, స్క్రీన్ ఫొటోకు బదులు ఎస్‌క్యూఎల్ వ్యూలోని పాఠం కాపీ చేసి పెట్టండి. వచ్చిన జవాబును ముందు ఫైల్ కాపీ మీదే నడపండి.