స్లిమ్ లెక్క తప్పిన ఊళ్ళో

దిమాపూర్ స్టేషన్లో దిగేసరికి ఆరు గంటలు. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. వెయిటింగ్ రూములో అరగంట కూర్చుంటే దోమలు రెండు కాళ్ళనీ వదల్లేదు. గోక్కుంటూనే షేర్ సుమో ఎక్కాను. కొహిమా 74 కిలోమీటర్లే గానీ ఘాట్ రోడ్డు, అక్కడక్కడా కొండచరియలు విరిగిపడ్డ మట్టి. వెనక సీటు దొరికింది, నడుం పోయింది.

నేను వచ్చింది కొండల అందం కోసం కాదు, రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్ళతో తలపడిన బ్రిటిష్ జనరల్ విలియం స్లిమ్ కోసం. పెద్ద పెద్ద జనరల్స్ ఆత్మకథలు చదవడం నాకో పిచ్చి. గెలుపంతా తమ తెలివి, ఓటమంతా ఇంకొకరి తప్పు అన్నట్టు ఉంటాయి చాలామటుకు. కొహిమా దగ్గర లెక్క తప్పింది తనదేనని ఈయన మాత్రం తన జ్ఞాపకాల్లో ఒప్పుకున్నాడు. ఆ లెక్క తప్పిన చోటు చూడాలనిపించింది.

స్లిమ్‌ది డబ్బున్న కుటుంబం కాదు. 1891లో బ్రిస్టల్‌లో పుట్టాడు. కొన్నాళ్ళు బడిపంతులు, తర్వాత ఇనుప గొట్టాల కంపెనీలో గుమాస్తా. 1914 యుద్ధం రాకపోతే ఆ కంపెనీలోనే రిటైరయ్యేవాడేమో. గల్లిపోలిలో గాయపడ్డాడు, మెసపొటేమియాలో మళ్ళీ గాయపడ్డాడు. తర్వాత గూర్ఖా రెజిమెంట్‌లో చేరాడు. జీతం చాలక మారుపేరుతో పత్రికలకి కథలు రాసేవాడు. ఈ ముక్క చదివినప్పుడే నాకు మనిషి దగ్గరయ్యాడు.

1942లో బర్మా నుంచి తొమ్మిది వందల మైళ్ళు వెనక్కి నడిచిన సైన్యాన్ని ఈయనే తీసుకొచ్చాడు. మరుసటేడు పద్నాలుగో సైన్యం బాధ్యత చేతికొచ్చింది. అప్పట్లో గాయాలతో ఒక్కడు ఆసుపత్రికి పోతే, రోగాలతో 120 మంది పోతున్నారట. మలేరియా రాకుండా మెపాక్రిన్ మాత్రలు అందరూ మింగాల్సిందేనన్నాడు. హఠాత్తుగా తనిఖీలు పెట్టి, మాత్రలు మింగించని ముగ్గురు కమాండింగ్ ఆఫీసర్లని పీకేశాడు. నాలుగోవాణ్ణి పీకాల్సిన పని రాలేదు. సుమోలో కాళ్ళు గోక్కుంటుంటే ఆయన పట్టుదల ఇంకాస్త బాగా అర్థమైంది.

కొహిమా చేరేసరికి మధ్యాహ్నం. యుద్ధ శ్మశానం ఊరి నడిబొడ్డున, గ్యారిసన్ హిల్ మీద ఉంది. కింద ట్రాఫిక్ హారన్లు, పైన కత్తిరించిన గడ్డి, 1,420 సమాధులు. గేటు దగ్గరున్న స్మారక శిల మీది వాక్యాలకి అందరూ ఫొటోలు తీసుకుంటున్నారు. నేను తిన్నగా పైకెక్కి టెన్నిస్ కోర్టు వెతుక్కున్నాను. డిప్యూటీ కమిషనర్ బంగళా తాలూకు కోర్టు అది. బంగళా లేదు. గీతలు మాత్రం తెల్లటి సిమెంటుతో గుర్తుగా ఉంచారు. ఈ చివర నుంచి ఆ చివరకి అడుగులు వేసి చూశాను. ఇటు బ్రిటిష్ వైపు సైనికులు, అటు జపాన్ వాళ్ళు, మధ్యలో ఈ కాస్త నేల. గ్రెనేడ్లు చేత్తో విసురుకునేంత దూరం. నాకు ఒళ్ళు జలదరించింది.

ఇంతకీ స్లిమ్ తప్పేమిటంటే, ఈ అడవి దారుల్లో జపాన్ వాళ్ళు మహా అయితే ఒక రెజిమెంట్, అంటే డివిజన్‌లో ఓ ముక్క మాత్రమే తేగలరనుకున్నాడు. 1944 ఏప్రిల్ మొదట్లో జనరల్ సాతో మొత్తం డివిజన్‌తో వచ్చిపడ్డాడు. దిమాపూర్‌లో 11 మైళ్ళ పొడవున సరుకు నిల్వలున్నాయి, కాపలా అంతంతమాత్రం. ఆ భయంతో కొహిమా చేరిన బ్రిగేడ్‌ని కూడా వెనక్కి లాగారు. పొరపాటు తెలిసి మళ్ళీ పంపేసరికి ఒక్క బెటాలియనే లోపలికి పోగలిగింది. సుమారు పదిహేను వందల మంది పోరాడేవాళ్ళతో రెండు వారాలు నిలబడ్డారు. సాతో దిమాపూర్ వైపు కదలకుండా కొహిమానే పట్టుకు కూర్చోవడం స్లిమ్ అదృష్టం. సాతో మకాం మీద బాంబులేస్తామని విమానదళం వాళ్ళంటే స్లిమ్ వద్దన్నాడట, అలాంటి శత్రువు బతికుండటమే మనకి మేలని!

చదివినప్పుడు నవ్వొచ్చింది. ఇక్కడ నిలబడితే అంత నవ్వు రాలేదు. ఆ సాతోనే చివరికి ఆకలితో చస్తున్న తన మనుషుల కోసం పైవాళ్ళ ఆజ్ఞ ధిక్కరించి వెనుదిరిగాడు. జపాన్ వాళ్ళ పక్కన ఆజాద్ హింద్ ఫౌజ్ కూడా వచ్చింది. స్లిమ్ దాన్ని పెద్దగా లెక్కచేయలేదు. మా ఇంట్లో నేతాజీ ఫొటో కింద పెరిగిన నాకు ఆ పేజీలు మింగుడుపడవు.

ఆ తర్వాత ఆయన కథ వేగంగా నడిచింది. 1945 మేలో రంగూన్ గెలిచిన వెంటనే పై అధికారి లీస్ ఆయన్ని తప్పించబోయి, చివరికి తన పదవే పోగొట్టుకున్నాడు. ఆ కుర్చీ స్లిమ్‌కే దక్కింది. బ్రిటిష్ సైన్యాధిపతి, ఫీల్డ్ మార్షల్, ఆస్ట్రేలియా గవర్నర్ జనరల్ కూడా అయ్యాడు.

కొండ మీదే, దహనం చేసిన హిందూ, సిక్కు సైనికుల స్మారకం ఉంది. 917 పేర్లు. తెలుగు పేరేమైనా తగులుతుందేమోనని వరసగా చదవడం మొదలుపెట్టాను. సగానికొచ్చేసరికి గేటు మూసే టైమైందని కాపలా ఆయన కింద నుంచి చెయ్యి ఊపాడు. పేరు మీద వేలు తీసి, ఏ వరుసో ఫోన్లో రాసుకుని దిగాను. తిరుగు సుమో మర్నాడు పదింటికి. శ్మశానం ఎప్పుడు తెరుస్తారో ఆయన్నే అడిగి కనుక్కున్నాను.