గుహ దాటితే ఎక్కడా వాలని పిట్ట

గుంటూరులో మా ఇంటి వెనక ఖాళీ స్థలంలో మొన్నటిదాకా నాలుగు తాడిచెట్లు ఉండేవి, సాయంత్రమైతే వాటి చుట్టూ కొడవలి రెక్కల సన్నటి పిట్టలు కీచుకీచుమంటూ గిరికీలు కొట్టేవి. పామ్ స్విఫ్ట్‌లు. "ఆ పిట్టకి కాళ్ళుండవురా" అనేవారు తాతయ్య. ఉంటాయి, కాకపోతే మరీ పొట్టివి, కొమ్మ మీద కూర్చోవడానికి పనికిరావు. నిలువుగా ఉన్నదాన్ని గోళ్ళతో పట్టుకుని వేలాడాల్సిందే. (కరెంటు తీగల మీద వరసగా కూర్చునేవి ఇవి కాదు, చాలామంది పొరబడతారు.)

పోయిన వారం ప్లాటు చదును చేస్తూ ఆ నాలుగూ కొట్టేశారు. ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్‌లో స్విఫ్ట్‌ల గురించి చదువుతూ చదువుతూ కోపెకా అనే ఇంకో స్విఫ్ట్ దగ్గర ఆగిపోయాను.

పసిఫిక్ మహాసముద్రంలో, కుక్ దీవుల్లో అతియు అని ఒకటుంది. మొత్తం 27 చదరపు కిలోమీటర్లు, మన గుంటూరంత కూడా లేదు. ఒకప్పటి పగడపు దిబ్బలు పైకి లేచి దీవి చుట్టూ సున్నపురాయి వడ్డాణంలా నిలిచాయి, పైన అడవి, కింద గుహలు. కోపెకా గూడు కట్టేది ఆ గుహల్లోనే, ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఉన్నవి కొన్ని వందలే. అక్కడివాళ్ళకి ఎప్పటినుంచో తెలిసిన పిట్టే అయినా శాస్త్రవేత్తలు పేరు పెట్టింది మాత్రం 1974లో!

పగలంతా గాలిలోనే పురుగులు పట్టుకు తింటుంది, గుహ బయట ఎక్కడా వాలదట. లోపల చీకట్లో టిక్ టిక్‌మని చప్పుడు చేస్తూ, రాతికి తగిలి తిరిగొచ్చే శబ్దాన్ని బట్టి దారి వెతుక్కుంటుంది. గబ్బిలాల్లాగే, కానీ వాటి కూతలు చాలావరకు మన చెవికి అందవు, దీని చప్పుడు మనకీ వినపడుతుంది.

మన పామ్ స్విఫ్ట్‌కి గుహ అక్కర్లేదు, తాటాకు చాలు. వేలాడే ఆకు అడుగున ఈకలూ దూదీ ఉమ్మితో అతికించి గూడు పెడుతుంది. పొద్దున వెళ్ళి నేలమీద పడున్న ఆకులు తిరగేస్తే ఒకదానికి అరచేతిలో సగం కూడా లేని మెత్తటి గూడు కనపడింది, ఖాళీగా.

ఇక మిగిలింది ఎదురింటి చెట్టొక్కటే. పిట్టలన్నీ ఇప్పుడు అక్కడే. దాన్నైనా ఉంచమని అమ్మ అడిగితే, "పోతుతాడి వదినగారూ, ముంజలైనా కాయదు, పైగా మట్టలన్నీ కారు మీద పడుతున్నాయి" అందావిడ.