హాన్ నది ఒడ్డున ఆ కుటుంబం
రాత్రి ‘ది హోస్ట్’ చూశాను, ఇంకా బుర్రలోంచి పోవట్లేదు. కొరియా దర్శకుడు బాంగ్ జూన్ హో 2006లో తీసిన సినిమా. సియోల్‌లో హాన్ నదిలోంచి వచ్చిన వింత జంతువు పట్టపగలే జనం మీద పడి, ఓ స్కూలు పిల్లని ఎత్తుకుపోతుంది. 2000లో అక్కడి అమెరికా సైనిక స్థావరంలో ఫార్మాల్డిహైడ్ అనే విష రసాయనాన్ని డ్రైనేజీలో పోయించారు. కథకి బీజం ఆ నిజ ఘటనే.

వెతికి వెతికి అలసిన ఇంటివాళ్లు తమ చిన్న కొట్లో తింటుంటే, తప్పిపోయిన పిల్ల, ఊహలోలా, వాళ్ల మధ్యలోంచి లేస్తుంది. ఎవరూ ఉలిక్కిపడరు. తలా కాస్త నోట్లో పెడతారు. నాకు ఏడుపాగలేదు.

కూతురు బతికే ఉంది, ఫోన్ చేసిందని తండ్రి మొత్తుకుంటే ఒక్క అధికారీ చెవిన పెట్టడు. జంతువుకంటే వాళ్లని చూస్తేనే నాకు ఎక్కువ భయమేసింది.